ఆర్మీలో వచ్చిన యాంగ్జైటీకి డిజబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు. ఇన్నేళ్ళ తర్వాత అప్పీలు చేస్తే వస్తుందా?

అమ్మా, ఒడిశాలోని కాశీనగర్ నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మీ అన్నయ్య 2003లో సిపాయిగా చేరారు. 2011 నుంచి 2013 దాకా రాష్ట్రీయ రైఫిల్స్‌లో, తీవ్రవాదుల మీద పనిచేసే ఆ దళంతో కశ్మీర్ కుప్వారాలో ఉన్నారు. కాల్పులు లేని పీస్ స్టేషన్‌కి వచ్చిన ఏడాదికి గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఊపిరి అందనట్టు గాబరా ఎక్కువై మిలిటరీ హాస్పిటల్లో చేర్చారు. ‘జనరలైజ్డ్ యాంగ్జైటీ డిసార్డర్, ఎఫ్-41.1’ అని రాసి ఆరోగ్యం తగ్గినవాళ్ళకి ఉండే లో మెడికల్ కేటగిరీలో పెట్టారు. 2018లో పదిహేనేళ్ళ సర్వీసు పూర్తయి ఇంటికి వచ్చేటప్పుడు పరీక్ష చేసిన మిలిటరీ డాక్టర్ల బృందం, అంటే రిలీజ్ మెడికల్ బోర్డు, 30 శాతం వైకల్యం ఉందని ఒప్పుకుంది గానీ, అది సర్వీసు వల్ల వచ్చింది కాదని రాసింది. సర్వీస్ పెన్షన్ వస్తోంది, డిజబిలిటీ భాగం రాలేదు. అప్పట్లో మీ ఇంట్లో ఎవరూ అప్పీలు చేయలేదు. ఇప్పుడు చేయొచ్చా, ఎక్కడ చేయాలి, బరంపురంలో ప్రైవేటు డాక్టరు 60 శాతం అని ఇచ్చిన సర్టిఫికెట్ పనికొస్తుందా, పర్లాకిమిడిలో ఒకాయన ‘వచ్చిన బకాయిలో మూడో వంతు నాకిస్తే అంతా నేనే చూసుకుంటా’ అంటున్నాడు, నమ్మొచ్చా అని మీ ప్రశ్నలు.

చేయొచ్చు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద కూడా అలాగే ఉంటే గెలిచే అవకాశం బాగానే ఉంది. కానీ ఆ ప్రైవేటు సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకండి. మీ అన్నయ్య ఇవాళ ఎంత బాధ పడుతున్నారో చెప్పే కాగితం కన్నా, 2012లో ఆయన ఎక్కడున్నారు, నిద్ర పట్టడం లేదని మొదట ఎవరికి చెప్పారు అనేది చూపించే కాగితం ఎన్నో రెట్లు విలువైనది. ఈ కేసుల్లో చాలామంది ఓడిపోయేది జబ్బు లేక కాదు, తప్పుడు కాగితం వెంట తిరిగి.

నేను వకీలును కాను. ఇరవై ఆరేళ్ళు ఆర్మీలో క్లర్కుగా చేసి సుబేదారుగా రిటైరై దిగాను. మాది బరంపురమే. దిగినప్పటి నుంచి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల మన తెలుగు వాళ్ళకీ, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళకీ పెన్షన్ కాగితాలు రాసిపెడుతున్నాను. అందులో మానసిక జబ్బుల కేసులు పదకొండు. ఏడు గెలిచాయి, మూడు పోయాయి, ఒకటి ఇంకా నడుస్తోంది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు బోర్డు రాసిన మాట గురించి. మీ అన్నయ్య బోర్డు కాగితం మీద ‘నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్’ అని ఉంటుంది. అంటే ఈ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని. మేము పొడి అక్షరాలతో ‘నానా’ అంటాం. మానసిక జబ్బులకైతే పక్కనే ‘కాన్‌స్టిట్యూషనల్’ అనో, ‘ఆన్‌సెట్ ఇన్ పీస్ ఏరియా’ అనో ఇంకో ముక్క ఉంటుంది. పుట్టుకతో వచ్చిన స్వభావం అని మొదటిదానికి అర్థం. ఎదురుకాల్పులు లేని చోట మొదలైంది కాబట్టి మాకు సంబంధం లేదని రెండోదానికి అర్థం. డిజబిలిటీ పెన్షన్‌కి రెండు మెట్లు దాటాలి: సర్వీసుతో సంబంధం ఉండాలి, వైకల్యం 20 శాతమైనా ఉండాలి. మీ వాళ్ళకి 30 ఇచ్చారు, రెండో మెట్టు ఎక్కేసినట్టే. కాబట్టి శాతం కోసం కొట్లాడకండి. గొడవంతా మొదటి మెట్టు దగ్గరే.

మరి ఆ 60 శాతం సర్టిఫికెట్ ఎందుకు పనికిరాదు? అప్పీలులో చూసేది 2018లో, దిగే రోజున పరిస్థితి ఏమిటన్నది. తర్వాత ఏడేళ్ళకి ఒక డాక్టరు చూసి 60 అంటే, ‘ఇంటికొచ్చాక పెరిగి ఉంటుంది’ అని ఒక్క వాక్యంతో తీసేస్తారు. పైగా ఆ సర్టిఫికెట్‌లో కారణం రాయరు. డాక్టరు గారి తప్పేమీ కాదు, కుప్వారాలో ఏం జరిగిందో ఆయనకెలా తెలుస్తుంది? పారేయకండి, ఫైల్లో పెట్టండి. వైద్యం ఆపకుండా తీసుకుంటున్నారని చూపడానికి పనికొస్తుంది. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ సైకియాట్రీ ఓపీడీ టికెట్లు ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు విషయం.

బోర్డు కాగితాలు పూర్తిగా తెప్పించండి. రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే ఫారం మీద ఉంటాయి. మీ అన్నయ్య రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి రాయాలి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, ఈఎంఈ అయితే సికింద్రాబాద్. ఇలా ఒక్కో దళానికి ఒక్కో చోటు, డిశ్చార్జి బుక్ మీదే ఉంటుంది. మామూలు అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడగండి, ముప్పై రోజుల్లో చెప్పాలి. మీ అన్నయ్య పేరుతో, ఆయన సంతకంతోనే వెళ్ళాలి. చెల్లెలు అడిగితే ‘మూడో వ్యక్తి సమాచారం’ అని తిప్పి పంపుతారు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 కూడా తన వైద్య రికార్డు తాను చూసుకునే హక్కు రోగికి ఇచ్చింది. అర్జీలో ఆ ముక్క ఒకటి రాస్తే నష్టం లేదు.

అడగాల్సినవి నాలుగు: బోర్డు ప్రొసీడింగ్స్, మిలిటరీ హాస్పిటల్ డిశ్చార్జి స్లిప్పులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ యూనిట్‌లో ఉన్నారో చెప్పే సర్వీస్ రికార్డు, ఇంకా ఏఎఫ్ఎంఎస్ఎఫ్-10.

ఈ నాలుగోది ఎవరూ అడగరు. నేను మాత్రం ముందు దీన్నే చూస్తాను. జవాన్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపేటప్పుడు కమాండింగ్ ఆఫీసరు ఇచ్చే రిపోర్టు ఇది. మనిషి పని ఎలా ఉంది, తోటివాళ్ళతో ఎలా ఉంటాడు, తాగుతాడా, ఇంట్లో గొడవలున్నాయా అని అందులో రాస్తారు. బోర్డులో కూర్చున్న డాక్టర్లు జవాన్ని చూసేది కొద్దిసేపే. ఈ కాగితం మాత్రం ఫైల్లో శాశ్వతంగా ఉంటుంది.

దీని మీద నాకొక పాపం ఉంది, చెప్పేస్తాను. ఒక యూనిట్‌లో హెడ్ క్లర్కుగా ఉన్నప్పుడు ఒక జవాను కేసులో ఈ ఫారం నేనే టైపు చేశాను. ఆ మనిషి ఎత్తు మీద ఒక పోస్టులో నాలుగు నెలలుండి కిందికి వచ్చాడు. మంచు విరిగిపడి పక్క బంకర్లో ఇద్దరు పోయారు, వాళ్ళని తవ్వి తీసిన వాళ్ళలో ఇతనొకడు. కిందికొచ్చాక రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు, తలుపు వేస్తే అరిచేవాడు. అదే సమయంలో ఇంట్లో వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళిపోయిందని ఉత్తరం వచ్చింది. ఆఫీసరు కొత్తవాడు, తొందరలో ఉన్నాడు. ‘డొమెస్టిక్ ప్రాబ్లమ్స్’ అని చెప్పాడు, నేను అలాగే కొట్టాను. మంచు సంగతి నాకు తెలుసు. అయినా చెప్పిందే టైపు చేయడం క్లర్కు పని అనుకున్నాను. బోర్డు ఆ రెండు మాటలే పట్టుకుని ‘కుటుంబ కారణాలు, సర్వీసుతో సంబంధం లేదు’ అని రాసింది. పదకొండేళ్ళ తర్వాత ఆ మనిషే కాగితాలు పట్టుకుని బరంపురంలో మా ఇంటి గడప ఎక్కాడు. ‘సాబ్, కింద ఉన్న పొడి సంతకం మీదేనా?’ అని అడిగాడు. కోపంగా అడిగినా బాగుండేది.

ఆ కేసు గెలిచాం. ఎలా అంటే, ఆ పోస్టులో అతనున్న తేదీలు సర్వీస్ రికార్డులో ఉన్నాయి. ప్రమాదం జరిగిన తేదీ యూనిట్ రికార్డులో ఉంది. నిద్ర లేదని యూనిట్ వైద్య గది, అంటే ఎంఐ రూమ్‌కి వెళ్ళిన తేదీ మెడికల్ కాగితంలో ఉంది. అది భార్య ఉత్తరం కన్నా ఇరవై రెండు రోజుల ముందుది. ఈ మూడు తేదీల్నీ ఒక్క పేజీ మీద వరసగా రాశాం. దానితో పాటు నేను ఒక అఫిడవిట్ ఇచ్చాను. ట్రిబ్యునల్ నా అఫిడవిట్‌ని పెద్దగా పట్టించుకోలేదు, ఆ పేజీనే పట్టించుకుంది.

అందుకే చెబుతున్నాను: మీ అన్నయ్యకి కూడా అలాంటి ఒక్క పేజీ కావాలి. ఎడమ పక్క తేదీ, మధ్యలో ఎక్కడున్నారు, కుడి పక్క ఏం జరిగింది, ఏ కాగితంలో ఉంది. బోర్డు ‘పీస్ ఏరియాలో మొదలైంది’ అని 2014 నాటి హాస్పిటల్ అడ్మిషన్‌ని చూసి రాసింది. హాస్పిటల్లో చేరిన రోజు, జబ్బు మొదలైన రోజు ఒకటే కావాలని ఎక్కడుంది? కుప్వారాలో ఉండగా తలనొప్పి, కడుపులో మంట, గుండె దడ అని ఎంఐ రూమ్‌కి ఎన్నిసార్లు వెళ్ళారో కనుక్కోండి. మన జవాన్లు ‘మనసు బాగోలేదు’ అని చచ్చినా చెప్పరు, గ్యాస్ట్రిక్ అంటారు. ఆ గ్యాస్ట్రిక్ మాత్రల ఎంట్రీలే తర్వాత అక్కరకొస్తాయి.

ఇంకొకటి. 2012లో సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మీ అమ్మగారో నాన్నగారో ఆయన్ని పర్లాకిమిడి ఆసుపత్రికో, బరంపురానికో తీసుకెళ్ళి ఉంటారు. ఆ టికెట్ ఉందా? మన ఇళ్ళల్లో రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో ఇలాంటివి పడి ఉంటాయి, వెతకండి. ఆసుపత్రికి కాకుండా మంత్రం వేసే ఎజ్జోడి దగ్గరికో గునియా దగ్గరికో తీసుకెళ్ళి ఉంటే కాగితం ఉండదు, ఏం చేస్తాం. అలాంటప్పుడు రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఆయనతో ఒకే సెక్షన్లో ఉన్న ఇద్దరిని వెతికి అఫిడవిట్లు తీసుకోండి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతారు. ‘చాలా మంచివాడు’ అని రాయించకండి. ‘ఫలానా నెలలో ఫలానా ఆపరేషన్ తర్వాత రాత్రి డ్యూటీలో చేతులు వణికేవి, నేను చూశాను’ అని చూసిందే రాయించండి.

కుప్వారా ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. డిజబిలిటీ నిర్ణయించడానికి మిలిటరీ డాక్టర్లకి ఒక గైడు ఉంది. ‘గైడ్ టు మెడికల్ ఆఫీసర్స్, మిలిటరీ పెన్షన్స్’ అంటారు. 2002 నాటిది, 2008లో సవరించారు. అందులో ఆరో అధ్యాయం, 54వ పేరా మానసిక జబ్బుల గురించి. తీవ్రవాదులతో పోరు నడిచే కౌంటర్ ఇన్‌సర్జెన్సీ ప్రాంతంలో, ఎత్తైన ప్రదేశాల్లో, మనిషి తిరగని ఒంటరి పోస్టుల్లో పనిచేస్తూ ఉండగా వచ్చిన జబ్బుని సర్వీసు వల్ల వచ్చినట్టే తీసుకోవాలని అక్కడుంది. ఇంట్లో పెద్ద ఆపద ఉన్నప్పుడు సర్వీసు అవసరాల వల్ల సెలవు ఇవ్వకపోతే, ఆ తర్వాత మూడు నెలల్లో జబ్బు వస్తే ‘సర్వీసు వల్ల ముదిరింది’ అని ఒప్పుకోవచ్చని కూడా ఉంది. మీ నాన్నగారు పోయినప్పుడు అన్నయ్యకి సెలవు దొరకలేదని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఏ నెలలో? ఆ సెలవు అర్జీ ఎవరి దగ్గరైనా ఉందా? నాకైతే ఆ ఒక్క వాక్యమే మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైనది అనిపించింది.

కోర్టు తీర్పుల సంగతికి వస్తాను. ఇక్కడ అందరూ ఒకే పేరు చెబుతారు, ధరంవీర్ సింగ్. 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. చేరేటప్పుడు ఏ జబ్బూ లేదని తీసుకుని, ఆ తర్వాత జబ్బుతో బయటికి పంపితే అది సర్వీసు వల్ల వచ్చినట్టే అనుకోవాలి, కాదనేవాళ్ళు కారణం రాయాలి, అనుమానం ఉంటే లాభం జవానుకే అన్నది సారాంశం. అది మూర్ఛ కేసు. అదే రోజున వీర్‌పాల్ సింగ్ కేసులో, అది స్కిజోఫ్రేనియా, మెడికల్ బోర్డు మాట వేదవాక్కు కాదు, పరిశీలించవచ్చు అన్నారు. 2025 మే 7న రాజుమోన్ కేసులో కూడా, అదీ స్కిజోఫ్రేనియానే, కారణాలు రాయని బోర్డు అభిప్రాయాన్ని పట్టుకుని పెన్షన్ ఆపలేరని చెప్పారు.

ఇవి చదివి సంబరపడేముందు ఇంకో తీర్పు చూడాలి. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టే వేరే విధంగా చెప్పింది. మానసిక జబ్బు భర్తీ రోజున డాక్టరుకి కనపడదు, మామూలుగా మాట్లాడే మనిషిలో దాన్ని పట్టుకోలేరు, కాబట్టి చేరినప్పుడు రాయలేదన్న ఒక్క కారణంతో సర్వీసు వల్ల వచ్చిందని అనుకోలేం అని. ఆయనకి పెన్షన్ రాలేదు. ప్రభుత్వ వకీలు ప్రతి మానసిక కేసులోనూ దీన్ని బల్ల మీద పెడతారు. నేను ఓడిన మూడింటిలో రెండు ఇలాగే పోయాయి. ఒకటి చేరిన ఎనిమిది నెలలకే, ట్రైనింగ్‌లో ఉండగానే మొదలైన కేసు. రెండోదాంట్లో ఫీల్డ్ పోస్టింగే లేదు.

అన్నట్టు, మీ అన్నయ్య 2018లో దిగారు కాబట్టి ఆయనకి వర్తించేవి పెన్షన్ అర్హత తేల్చే 2008 ఎంటైటిల్‌మెంట్ రూల్స్. ధరంవీర్ తీర్పు 1982 రూల్స్ మీద వచ్చింది. పాత రూల్స్ జవాను పక్షాన అనుకోమన్నంత గట్టిగా 2008వి అనుకోమనవు. అందుకే ధరంవీర్ తీర్పు ఒక్కటే జిరాక్సు తీసి అంటిస్తే సరిపోదు, కుప్వారా, 54వ పేరా, తేదీల పేజీ ముందు రావాలి, తీర్పులు వెనక రావాలి. 2023 సెప్టెంబరు 21 నుంచి ఇంకో కొత్త రూల్స్ వచ్చాయి. వాటి గురించి వాట్సాప్‌లో వస్తున్న భయాలు మీరు పట్టించుకోనక్కర్లేదు, అవి ఆ తేదీ తర్వాత దిగినవాళ్ళ సంగతి.

2008 రూల్స్‌లో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. మామూలుగా రుజువు చేసే భారం జవాను మీద పెట్టరు. కానీ దిగిన పదిహేనేళ్ళ తర్వాత, సర్వీస్ కాగితాలు నాశనం చేసే గడువు కూడా దాటాక క్లెయిమ్ వేస్తే భారం జవాను మీదికి వస్తుంది. మీకు 2033 దాకా ఆ ఇబ్బంది లేదు. అంతవరకు ఆగమని కాదు!

ఎందుకు ఆగకూడదో లెక్క వేసి చెబుతాను. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ఆలస్యమైందని కేసుని పూర్తిగా కొట్టేయరు. కానీ 2008లో తర్సేమ్ సింగ్ కేసు తీర్పు తర్వాత, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి బకాయిలు సాధారణంగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ళకే పరిమితం చేస్తున్నారు. అంటే మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా ఒక నెల డబ్బు శాశ్వతంగా పోతుంది. ఎంత డబ్బు? నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. మీ వాళ్ళ 30 శాతం వైకల్యాన్ని 50గా లెక్కేస్తారు. దీన్ని బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. జబ్బు వల్ల సర్వీసు మధ్యలోనే పంపేసిన, అంటే బోర్డ్ అవుట్ అయినవాళ్ళకే కాదు, సర్వీసు పూర్తి చేసుకుని దిగినవాళ్ళకీ ఇది ఇవ్వాలని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చివరి జీతం లెక్కకి 40 వేలు అనుకుందాం. అందులో 30 శాతం 12 వేలు, దానిలో సగం 6 వేలు. దాని మీద ధరల పెరుగుదలకిచ్చే భత్యం, డీఆర్, అదనం. జీవితాంతం నెలకి అంత. ఇప్పుడున్న సర్వీస్ పెన్షన్‌కి ఇది పైన, దానికి బదులు కాదు.

దారి ఇలా ఉంటుంది. మొదటి అప్పీలు రికార్డ్ ఆఫీసు ద్వారా ఢిల్లీలోని ఫస్ట్ అప్పీల్ కమిటీకి. తిరస్కరించిన కాగితం అందిన ఆరు నెలల్లోపు వేయాలన్నది నియమం. మీకు దాటిపోయింది. అయినా వేయండి, ఆలస్యానికి కారణం నిజం రాయండి. మనిషికి యాంగ్జైటీ ఉంది, నలుగురిలోకి వెళ్ళలేడు, ఇంట్లో చదువుకున్న మగదిక్కు లేదు, ఇదే కారణం, ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది? ‘గడువు దాటింది’ అని తిప్పి పంపినా బాధపడకండి. ఆ తిప్పి పంపిన ఉత్తరం చేతికి వస్తే ట్రిబ్యునల్ తలుపు తట్టడానికి అదే టికెట్. ఆరు నెలలు జవాబే రాకపోయినా అంతే, ఆ తర్వాత ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. మొదటిది కాదంటే మధ్యలో రెండో అప్పీలు కూడా ఉంది. ట్రిబ్యునల్ కూడా ఆలస్యాన్ని మన్నించగలదు, దానికి వేరే అర్జీ జతచేయాలి.

ట్రిబ్యునల్ అంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, 2007 చట్టంతో వచ్చింది, 2009 నుంచి పనిచేస్తోంది. ఇక్కడే మన సరిహద్దు గొడవ మొదలవుతుంది. ఒడిశాలో ఉండేవాళ్ళకి కోల్‌కతా బెంచి. ఆంధ్రాలో ఉండేవాళ్ళకి చెన్నై బెంచి. ఇచ్ఛాపురంలో ఉన్న హవల్దారు చెన్నై వెళ్తాడు, గంటలోపు దూరంలో బరంపురంలో ఉన్న వాళ్ళ బావ హౌరా రైలెక్కుతాడు. దిగినవాడు తాను మామూలుగా నివాసం ఉండే చోటు చెప్పి ఆ బెంచిలో వేసుకోవచ్చు. మీది కాశీనగర్ కాబట్టి కోల్‌కతా. మీ వదినగారి పుట్టిల్లు పాతపట్నం అని చెన్నైలో వేద్దామన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి. ఆధార్, పెన్షన్ ఆర్డరు (పీపీఓ), బ్యాంకు అన్నీ గజపతి జిల్లాలో ఉండి అఫిడవిట్‌లో శ్రీకాకుళం జిల్లా అని రాస్తే మొదటి వాయిదాలోనే మాట పోతుంది. మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి ఒకాయన ఇదే అడిగాడు, ఆయనకి ముంబై బెంచి. నది దాటితే తెలంగాణ, అయినా సరే.

మన వైపు కాగితాలతో ఇంకో తలనొప్పి ఉంది, ముందే సర్దుకోండి. స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, ఆర్మీలో ముందు, ఒడియాలో రాసిన రెసిడెన్స్ సర్టిఫికెట్‌లో పేరే వేరుగా వినిపిస్తుంది. అప్పలస్వామి ఒక చోట ఒక ముక్క, ఇంకో చోట రెండు ముక్కలు. పెన్షన్ స్పర్శ్ పోర్టల్‌లోకి మారాక ఇది మరీ ఎక్కువైంది. ఇవన్నీ ఒకే మనిషి అని నోటరీ అఫిడవిట్ ఒకటి ఇప్పుడే చేయించండి. సర్పంచ్ ఒడియాలో ఇచ్చిన ఉత్తరానికి ఇంగ్లీషు అనువాదం జతచేయకపోతే అది ఫైల్లో ఉన్నా లేనట్టే.

బోర్డు కాగితాలు వచ్చాక కుటుంబ చరిత్ర గడిలో ఏం రాశారో తప్పకుండా చూడండి. ఒక కుర్రాడి కేసు చెబుతాను. బరంపురం డేరా వీధి వాడు. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా’ అని డాక్టరు హిందీలో అడిగితే, వాడు అమాయకంగా ‘మా నానమ్మకి ఠాకురాణి జాతరలో అమ్మవారు పూనేది’ అని వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఉత్తరాది డాక్టరుకి ఏం అర్థమైందో గానీ, ‘తండ్రి తరఫు నానమ్మకి మానసిక వ్యాధి’ అని ఎక్కింది. అంతే, జబ్బు వంశపారంపర్యం అయిపోయింది. రెండేళ్ళకోసారి జరిగే జాతరలో వీధి వీధంతా పూనకంతో ఊగే ఊరు అది. ఆ లెక్కన సగం బరంపురానికి మెడికల్ కేటగిరీ ఇవ్వాలి. అప్పీలులో జాతర ఏమిటో, పూనకం ఏమిటో ఒక పేరాలో వివరించి, నానమ్మ ఎనభై ఏళ్ళు వచ్చేదాకా చీరల వ్యాపారం చేసిందని రాశాం. రెండో అప్పీలులోనే వచ్చింది.

తాగుడు సంగతి కూడా దాచకుండా చూసుకోండి. యాంగ్జైటీ ఉన్నవాడు నిద్ర కోసం తాగడం మామూలే. బోర్డు ‘ఆల్కహాల్ డిపెండెన్స్’ అని రెండో జబ్బుగా రాస్తే దానికి పైసా రాదు, తన చేజేతులా తెచ్చుకున్నది అంటారు. అయితే యాంగ్జైటీకి విడిగా ఎంత శాతం రాశారో చూడండి, అప్పీలు దాని మీదే నడపాలి. మీరు రాసిన 30 శాతం ఒక్క యాంగ్జైటీదేనా, రెండూ కలిపినదా? కలిపినదైతే, విడదీస్తే యాంగ్జైటీ 20 కన్నా తగ్గుతుందేమో చూడాలి. బోర్డ్ అవుట్ అయినవాడికైతే 20 కన్నా తక్కువ రాసినా 2014 నాటి సుఖ్వీందర్ సింగ్ తీర్పు ఆదుకుంటుంది. సర్వీసు ముగించుకుని దిగినవాడికి ఆ రక్ష లేదు.

పర్లాకిమిడి ఆయన సంగతి. వద్దు. గెలిస్తే ఇంత భాగం అని ఒప్పందం చేసుకోవడం వకీళ్ళకి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే నిషిద్ధం. వకీలు కానివాడైతే మరీ వద్దు, మీ అన్నయ్య స్పర్శ్ పాస్‌వర్డూ ఆధార్ ఓటీపీలూ అతని చేతిలో ఉంటాయి. ముందు జిల్లా సైనిక్ బోర్డు ఆఫీసుకి వెళ్ళండి. 2025 జూలైలో జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలైంది, సైనిక్ బోర్డుల దగ్గర ఉచిత న్యాయ సహాయం కోసం పెట్టిందే అది. వైకల్యం ఉన్న మనిషికి ఉచిత న్యాయ సహాయం 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఎలాగూ హక్కే. కోల్‌కతాలో వకీలు కావాల్సి వస్తే ఒకే మొత్తం ఫీజు మాట్లాడుకుని రసీదు తీసుకోండి.

‘ఊళ్ళో మెంటల్ పెన్షన్ అంటారేమో, మేనకోడలికి సంబంధాలు చూస్తున్నాం’ అని మీరు చివర్లో రాశారు. పెన్షన్ బ్యాంకులో పడుతుంది, దేని మీద పడిందో పాస్ బుక్ మీద జబ్బు పేరు రాయరు. కానీ ట్రిబ్యునల్ తీర్పులు పేరుతో సహా ఇంటర్నెట్‌లో పెడతారు, అది ముందే తెలిసి ఉండాలి. మా ఊళ్ళో ఒక కుటుంబం ఇది తెలిసి వెనక్కి తగ్గింది. వాళ్ళని నేను తప్పు పట్టను. మీ అన్నయ్యతోనూ వదినగారితోనూ కూర్చుని మాట్లాడుకోండి, ఆయనకి తెలియకుండా మాత్రం ఏమీ చేయకండి. కేసు మొదలైతే ఆ రోజులన్నీ మళ్ళీ గుర్తు చేసుకోవాలి, తేదీల పేజీ రాసేటప్పుడు రాత్రి నిద్ర పోతుంది. నేను ఒక్కో పూట అరగంట మించి రాయించను. గాబరా మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

రికార్డ్ ఆఫీసుకి ఈ వారమే స్పీడ్ పోస్టు పెట్టండి, రసీదు దాచండి. బోర్డు కాగితాలు వచ్చాక పేరు, ఆర్మీ నంబరు కొట్టేసి, ‘కారణాలు’ గడి ఉన్న పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి. ఆ గడిలో ఏముందో, మీ నాన్నగారు పోయిన నెల ఏదో తెలిస్తే మొదటి అప్పీలు ఎలా మొదలుపెట్టాలో రాసిస్తాను.